అడ్వాన్సు ఇచ్చే ముందు ఇల్లు చూసే పద్ధతి, కొన్నాక కాపాడుకునే పద్ధతి: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లకు

"ఇల్లు చూశాం, బాగుంది. రంగులు కూడా కొత్తగా వేయించారు. అడ్వాన్సు ఇచ్చేయమంటారా?" తెలిసినవాళ్లు తరచూ ఈ ప్రశ్నే అడుగుతున్నారు. ఫోన్లో ఒక్క మాటలో జవాబు చెప్పలేను. అందుకే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరుసగా రాస్తున్నాను.

మా చిన్నాన్న ఒక ఏప్రిల్ నెలలో శ్రీకాకుళంలో ఇల్లు కొన్నారు. నేనూ వెంట వెళ్లాను. గోడలు కొత్త రంగుతో మెరుస్తున్నాయి. ఆగస్టు వచ్చేసరికి హాలు గోడ నడుము ఎత్తు దాకా ఉబ్బి, రంగు పొరలుగా ఊడిపోయింది. అమ్మినాయన వేసవిలో పుట్టీ పట్టించి చెమ్మను కప్పేశాడు. ఆ ఒక్క గోడ బాగుపడటానికి రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా నేను ముందు చూసేది నీటి దారి. వాన నీరు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది? మన జిల్లాల్లో ఇళ్లను తినేసేది ఎక్కువగా నీరే. తీరం దగ్గరైతే నీటికి ఉప్పు తోడవుతుంది.

1. ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

వాన వెలిసిన మర్నాడు వెళ్లడం అన్నిటికంటే మంచిది. జులై నుంచి నవంబరు దాకా ఆ అవకాశం దొరుకుతుంది. వేసవిలో ఇల్లు చూస్తే అన్ని గోడలూ పొడిగానే ఉంటాయి. వేసవిలోనే కొనాల్సి వస్తే కింద చెప్పిన పరీక్షలు ఒక్కటి కూడా వదలొద్దు.

ఒకసారి పగలు, ఒకసారి దీపాలు పెట్టాక వెళ్లండి. టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేస్తే పగటి వెలుగులో కనపడని ఉబ్బులు, అతుకులు బయటపడతాయి.

వెంట ఉండాల్సినవి:
- టార్చి, టేపు, పెన్సిలు, నోటుపుస్తకం
- ఒక నాణెం లేదా చిన్న సుత్తి
- ఒక గోలీ
- స్క్రూడ్రైవరు, కరెంటు టెస్టరు
- అడుగు చదరం పాలిథీన్ షీటు, అంటించడానికి టేపు
- డాబా ఎక్కడానికి వెనకాడని మనిషి ఒకరు

అమ్మేవాళ్ల ఎదుట మొహమాటపడొద్దు. మంచం జరపమనండి, బీరువా వెనక చూపించమనండి. చెమ్మ గోడకు బీరువా ఆనించి పెట్టడం చాలాచోట్ల చూశాను.

2. ముందు వీధి, తర్వాత ఇల్లు

గుమ్మంలో అడుగుపెట్టే ముందు వీధి మొత్తం ఓసారి నడవండి. దగ్గర్లో గెడ్డ (వాగు) ఉందా? ఆ స్థలం ఒకప్పుడు చెరువు గర్భమా, పల్లపు పొలమా? వీధి అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లను అడిగితే ఏ కాగితంలోనూ లేని సంగతి చెబుతారు. అడిగేటప్పుడు తేదీ పట్టుకుని అడగండి. 2014 అక్టోబరు హుద్‌హుద్‌కి, 2018 అక్టోబరు తిత్లీకి, 2021 సెప్టెంబరు గులాబ్‌కి ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? "మునగదండీ" అని ఊరికే అనడం సులువు. తుపాను పేరు చెప్పి అడిగితే మనిషి ఆగి గుర్తు చేసుకుంటాడు.

తర్వాత రోడ్డు ఎత్తు చూడండి. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే పొర వేస్తారు. ఇరవై ఏళ్ల కిందట రోడ్డుకంటే ఎత్తులో ఉన్న గుమ్మం ఇప్పుడు రోడ్డుతో సమానంగా ఉండొచ్చు. ఇంటి గచ్చు రోడ్డుకంటే కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి. అంతకంటే తక్కువుంటే గచ్చు లేపాలి, తలుపులు కోయాలి, మెట్లు మార్చాలి. ఆ ఖర్చంతా బేరంలో లెక్కలోకి రావాలి.

పెరట్లో నుయ్యి గానీ బోరు గానీ ఉంటే సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గొయ్యి దానికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉన్నాయో లేదో కొలవండి. పక్కింటివాళ్ల గొయ్యి కూడా లెక్కే.

3. పగుళ్లను చదవడం

పగులు చూడగానే టెన్షన్ పడొద్దు. ప్రతి ఇంట్లోనూ పగుళ్లు ఉంటాయి. దాని ఆకారాన్ని బట్టి కారణం తెలుస్తుంది.

సాలెగూడులా సన్నగా అల్లుకున్నవి సిమెంటు పూత ఎండిపోయేటప్పుడు వచ్చినవి. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చినవి, పై అంతస్తులో శ్లాబుకు కింద అడ్డంగా వచ్చినవి కూడా చాలావరకు భయపడాల్సినవి కావు. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు కాబట్టి ఆ అతుకు దగ్గర విడిపోతాయి.

ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగే పగులు వేరే రకం. పునాది ఒకవైపు కుంగితే అలా వస్తుంది. నల్లరేగడి నేల వానలకు ఉబ్బి ఎండలకు కుంచించుకుపోతుంది కాబట్టి అక్కడ ఇది ఎక్కువ. పూడ్చిన పల్లపు స్థలంలోనూ అంతే. గోలీని ప్రతి గదిలోనూ నేల మీద వదలండి. బాత్రూముకీ వరండాకీ వాలు ఉండాలి కాబట్టి అక్కడ దొర్లుతుంది. పడకగదుల్లో గోలీ అన్నిచోట్లా ఒకేవైపు పరిగెడుతుంటే, ఆ వైపు గోడకే మెట్ల పగులు ఉంటే, ఆ ఇంటికి స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆగి చూడాల్సిన గుర్తులు:
- 3 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు
- గోడకు లోపలా బయటా ఒకేచోట కనిపించే పగులు
- తలుపు, కిటికీ రెక్కలు పట్టేయడం
- స్తంభం మీద ఏ పగులైనా
- దూలం చివర్ల దగ్గర ఏటవాలు పగులు
- దూలం అడుగున పొడవునా పగులు, దాని వెంట తుప్పు మరక

ఇప్పటికే ఉంటున్న ఇల్లయితే పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. వెడల్పు కూడా కొలిచి రాసుకోండి. నెలకోసారి చూడండి. ఒక వేసవి, ఒక వానాకాలం దాటాక కూడా గీత దాటకపోతే పూడ్చి రంగు వేయించొచ్చు. కదులుతున్న పగులును పూడిస్తే మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది, డబ్బు దండగ.

4. చెమ్మ: ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా చెయ్యి పెట్టొద్దు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. చెమ్మ కనపడగానే మేస్త్రీని పిలిచి పూత కొట్టించి, వాటర్‌ప్రూఫ్ రంగు వేయిస్తారు. మరుసటి వానలకు మళ్లీ అదే కథ. చెమ్మ నాలుగు దారుల్లో వస్తుంది, ఒక్కో దారికి ఒక్కో వైద్యం.

కింద నుంచి ఎక్కేది: నేల దగ్గర మొదలై సుమారు మీటరు ఎత్తు దాకా ఎక్కి, దాదాపు ఒకే ఎత్తులో అడ్డంగా మరక ఆగుతుంది. తెల్లటి ఉప్పు పొడి పూస్తుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకపోయినా, అది పాడైపోయినా ఇలా వస్తుంది.

బయట గోడ నుంచి వచ్చేది: వాన జల్లు కొట్టే వైపు గోడకు, కిటికీల కింద, సజ్జ గోడకు కలిసేచోట వస్తుంది. వాన ఆగిన కొద్దిరోజులకు ఎండుతుంది.

పై నుంచి దిగేది: శ్లాబు అడుగున గుండ్రటి మరకలు. మధ్యలో లేతగా, అంచున ముదురు గోధుమ రంగులో ఉంటాయి.

పైపు నుంచి వచ్చేది: వానతో పనిలేకుండా ఏడాదంతా తడిగా ఉంటుంది. గోడకు అవతల వంటగదో బాత్రూమో ఉంటుంది.

పాలిథీన్ పరీక్ష ఇలా చేయండి. అనుమానమున్న చోట షీటు పరిచి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడవైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గదిలోని ఆవిరి, కిటికీలు తెరిస్తే తగ్గుతుంది. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే కొనే ముందే చేయండి.

కింద నుంచి ఎక్కే చెమ్మకు చేయాల్సిన వరుస:
- ముందు బయట వైపు చూడాలి. గోడ పక్కన మట్టి, పూలకుండీలు, ఎత్తు చేసిన గచ్చు ఇంటి లోపలి నేలకంటే ఎత్తులో ఉంటే తవ్వి దించాలి.
- గోడ చుట్టూ రెండు మూడు అడుగుల వెడల్పున, బయటికి వాలుగా గచ్చు చేయించాలి.
- ఉప్పు పట్టిన పూతను మరక కంటే ఓ అడుగు పైదాకా ఇటుక కనపడేలా కొట్టేయాలి.
- గోడ అడుగున వరుసగా రంధ్రాలు వేసి చెమ్మను ఆపే మందు ఎక్కించాలి. ఈ పని తెలిసినవాళ్లతోనే చేయించాలి.
- ఇటుక కొన్ని వారాలు ఆరనివ్వాలి. వేసవిలో చేయమనేది ఇందుకే.
- ఆ తర్వాతే కొత్త పూత, వారం రోజులు తడపడం, అది ఆరాక రంగు.

మా చిన్నాన్న ఇంట్లో మొదటి ఏడాది ఈ వరుసలో చివరిది ముందు చేశాం. తడి గోడ మీద పుట్టీ నిలవదు.

5. డాబా ఎక్కి చూడాల్సిందే

చాలామంది కొనేవాళ్లు వంటగదిలో చూపించే ఓపిక డాబా మీద చూపించరు. నా సలహా ఏమిటంటే ఇల్లు చూసే సమయంలో మూడో వంతు డాబా మీదే గడపండి.

నీరు నిలిచిన చోట ఎండాక కూడా నల్లటి నాచు మరక, మట్టి వలయం మిగులుతాయి. వాలు తూము వైపు ఉండాలి. మీటరు దూరానికి సెంటీమీటరు దిగితే చాలు. తూములు ఎన్ని, ఎంత వెడల్పు? పెద్ద డాబాకి ఒకే ఒక్క రెండంగుళాల పైపు ఉంటే తుపాను వానకు అది సరిపోదు. పిట్టగోడ శ్లాబుకు కలిసే మూల వేలితో తడమండి. చాలా లీకులు అక్కడే మొదలవుతాయి.

కారుతోందో లేదో తేల్చుకోవాలంటే తూములు మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, 24 నుంచి 48 గంటలు ఉంచి కింద చూడాలి. పాత శ్లాబు, లోపలి ఇనుప ఊచలు బయటపడ్డ శ్లాబు అయితే ఈ పరీక్ష చేయొద్దు, ఆ బరువు దాని మీద పెట్టకూడదు.

వాటర్‌ప్రూఫింగ్ చేయించేటప్పుడు వరుస:
- నాచు, పాత రంగు, వదులైన పూత పూర్తిగా గీకి కడగాలి.
- పగుళ్లను కొద్దిగా వెడల్పు చేసి పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి.
- వాలు సరిచేయాలి. ఇది వదిలేసి పైన ఎంత ఖరీదైన రంగు వేసినా నీళ్లు నిలిచేచోటే మళ్లీ లేస్తుంది.
- పిట్టగోడ మూలలను సిమెంటుతో గుండ్రంగా మలచాలి.
- మొదటి పూత ఒకవైపు, రెండోది దానికి అడ్డంగా వేయాలి. మూలల్లో ఫైబర్ వల పరవాలి. పూతను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి.
- ఆరాక నీళ్లు నిలబెట్టి చూశాకే పనివాళ్లకు చివరి సొమ్ము ఇవ్వాలి.

ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి సరైనవి. మే నెలలో చేయాల్సి వస్తే పొద్దున్నే, లేదా చల్లబడ్డాక వేయించండి. కాలిపోతున్న శ్లాబు మీద పూత పట్టకముందే ఎండి పగులుతుంది.

6. ఊచ తుప్పు: తీరం దగ్గర ఇళ్లకు

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపైనా, భోగాపురం, పూసపాటిరేగ తీరమైనా గాలిలోనే ఉప్పు ఉంటుంది. అది కాంక్రీటులోకి దిగి ఊచకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటును నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది. కడగని సముద్రపు ఇసుక, ఉప్పుబోరు నీళ్లు వాడి కట్టిన ఇంట్లో ఇది ఇంకా ముందే మొదలవుతుంది. ఇసుక ఎక్కడిదో, కట్టేటప్పుడు ఏ నీళ్లు వాడారో అడగండి. కట్టిన మేస్త్రీ ఆ ఊళ్లోనే ఉంటే ఆయన్నే అడగండి.

శ్లాబు అడుగున, సజ్జల అడుగున, దూలాల మీద సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగున మోగుతుంది. లోపల విడిపోయింది డొల్లగా వినిపిస్తుంది. ముందుగా పాడయ్యేవి సజ్జలు, బాల్కనీ అంచులు, బాత్రూము పైకప్పు.

పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తి రంగు వేయడం అందరూ చేసే తప్పు. లోపల తుప్పు ఆగదు, ఏడాదో రెండేళ్లో పెద్ద ముక్క మీద పడుతుంది. ఊచ వెనక భాగం కూడా కనపడేలా వదులు కాంక్రీటు తీసేయాలి. ఊచను తళతళలాడేదాకా వైరు బ్రష్షుతో రుద్దాలి. తుప్పు నిరోధక పూత, ఆ తర్వాత పాతకీ కొత్తకీ పట్టు కుదిర్చే పూత వేయాలి. చివరగా పాలిమర్ కలిపిన సిమెంటు పూడ్చాలి. ఊచ సన్నబడిపోయి ఉంటే, లేదా అది దూలమో స్తంభమో అయితే, కింద ఊతకర్రలు పెట్టి ఇంజినీరు చెప్పాకే కొట్టాలి.

కిటికీ గ్రిల్లులు, గేట్లు తీరం దగ్గర ఏటా గీకి ప్రైమరు వేసి రంగు వేయాలి. కొత్తగా కిటికీలు మార్చుకునేవాళ్లు ఇనుము కాకుండా యూపీవీసీ (తుప్పు పట్టని గట్టి ప్లాస్టిక్) వైపు వెళ్లడం మంచిది.

7. పెంకుటిళ్లు, గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లు

విజయనగరం పాత వీధుల్లో, పల్లెల్లో ఇవి ఇంకా చక్కగా నిలబడి ఉన్నాయి. వీటికి చేసే పెద్ద అన్యాయం సున్నపు గోడ మీద సిమెంటు పూత. సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, గోడ లోపల్నుంచి పిండిలా రాలుతుంది. పాత గోడకు సున్నమే వేయించండి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, అయినా వెతకండి.

వాసాలు, దూలాలు గోడలోకి దిగే చివర్ల దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చండి. మెత్తగా దిగితే పుచ్చిపోయింది. ద్వారబంధాల అడుగున, గోడల మీద మట్టి గీతల్లాంటి చెదల దారులు వెతకండి. ఆ దారిని చెరిపేసినంత మాత్రాన చెద పోదు. నేలా గోడా కలిసేచోట అడుగు అడుగుకీ రంధ్రం వేసి మందు ఎక్కించాలి.

8. కరెంటు, నీళ్లు, బాత్రూము

- మెయిన్ బోర్డులో ఎంసీబీలతోపాటు (లోడు ఎక్కువైనా, షార్టైనా పడిపోయే స్విచ్చులు), కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? దాని టెస్ట్ మీట నొక్కితే కరెంటు పోవాలి. లేకపోతే కొన్న వెంటనే చేయాల్సిన మొదటి పని అదే.
- ఎర్తింగ్ గొయ్యి ఎక్కడో చూపించమనండి. చూపించలేకపోతే లేదనే అనుకోండి.
- ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశారా?
- రాత్రి పంపులన్నీ కట్టేసి ట్యాంకు మట్టం గుర్తు పెట్టండి. తెల్లారేసరికి తగ్గితే ఎక్కడో కారుతోంది.
- బాత్రూములో నీళ్లు పోయే జాలీ మూసి అంగుళం నీళ్లు రాత్రంతా నిలబెట్టి, కింది గది కప్పు, పక్క గోడ చూడండి.
- టైల్సు మీద నాణెంతో తట్టండి. డొల్లగా మోగేవి లెక్కపెట్టండి.

9. కాగితాలు

ఇది లాయరు పని, నేను క్లుప్తంగానే చెబుతాను. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ప్లాను అనుమతి, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూడండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో చూడండి. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) అయినా, డీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూమైనా లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు. ఆమోదించిన ప్లానును చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్లానులో లేని గది, లేని అంతస్తు ఉంటే రేపు బ్యాంకు లోను దగ్గర అదే అడ్డు పడుతుంది.

10. ఏడాది పొడవునా చేయాల్సినవి

సంక్రాంతి వెళ్లాక: వానలకు వచ్చిన మరకలు, పగుళ్లు రాసిపెట్టుకుని పనుల జాబితా వేయండి. ఫిబ్రవరి, మార్చి: డాబా, చెమ్మ పనులు. ఏప్రిల్, మే: పూతలు, రంగులు, ఎర్తింగ్ గొయ్యికి నీళ్లు. జూన్ మొదటి వారం లోపు: తూములు, కాలవలు శుభ్రం. నీళ్ల ట్యాంకు ఆరు నెలలకోసారి కడగాలి, మూత బిగుతుగా ఉండాలి.

తుపాను పనులు దసరా దాకా ఆగకుండా సెప్టెంబరులోనే ముగించండి. హుద్‌హుద్ 12న, తిత్లీ 11న, రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

- రేకుల కప్పును పట్టి ఉంచే జె బోల్టులు (కొక్కెం బోల్టులు) తుప్పు పట్టి ఉంటే మార్చండి
- ఇంటిమీదికి వంగిన కొబ్బరి మట్టలు, ఎండు కొమ్మలు తీయించండి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు
- డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకును నింపి ఉంచండి, ఖాళీ ట్యాంకు గాలికి లేచిపోతుంది
- డాబా మీద వదులుగా ఉన్న రేకులు, కుండీలు, కర్రలు కిందికి దించండి
- ఇంటి కాగితాలు పాలిథీన్ కవరులో పెట్టి ఎత్తయిన చోట ఉంచండి

తుపాను వెళ్లాక నీళ్లు చొచ్చిన ఇంట్లో మెయిన్ వేయొద్దు. ముందు గచ్చు, గోడలు ఆరాలి. ఎలక్ట్రీషియన్ ప్రతి బోర్డూ విప్పి చూడాలి. ఆ తర్వాత ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ వెళ్లాలి. ఆ ఎదురుచూసే రెండు మూడు రోజుల్లో నోటుపుస్తకం తీసి, పెన్సిలు గీతలు పెట్టిన పగుళ్లన్నీ మళ్లీ కొలిచి కొత్త తేదీ వేయండి.